మూడు రంగులు – ఎవరి వాటా?

ఆగస్టు పదిహేను వచ్చినదంటే పిల్లలు జెండా బొమ్మలు గీస్తారు. ఆ రంగులకు అర్థమేమని అడిగి చూడండి. "కాషాయం హిందువులది, ఆకుపచ్చ మహమ్మదీయులది, తెలుపు తక్కినవారిది" అని చెప్పేవారు నేటికీ ఉన్నారు. తప్పు పిల్లలది కాదు. పెద్దలము మనమే అలా చెప్పి ఉంటాము. ఒకప్పుడు అటువంటి అర్థమే ఉన్న మాట నిజము. కాని దానిని మన నాయకులు బుద్ధిపూర్వకముగా విడిచిపెట్టారు. ఆ సంగతి ఇంటింటా తెలియవలెనని మా కోరిక.

1921 లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమైనది. బందరు దగ్గర భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్యగారు అప్పటికే, 1916 లో, జాతీయ జెండాను గురించి ఒక చిన్న పుస్తకము ప్రకటించి ఉన్నారు. బెజవాడలో ఆయన ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నము గల నమూనాను గాంధీజీకి అందజేశారు. ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ మహమ్మదీయులకు గుర్తు. తక్కిన మతాలవారి మాటేమిటని యోచించి గాంధీజీ తెలుపును చేర్పించారు.

రంగును మతానికి ముడివేస్తే చిక్కు తప్పదు. మాకూ ఒక రంగు ఉండవలెనని సిక్కులు కోరారు. 1931 లో కాంగ్రెసు ఏడుగురితో ఒక ఉపసంఘము వేసింది. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు దానికి కన్వీనరు. జెండా అంతా ఒక్క కాషాయమే ఉండవలెనని ఆ ఉపసంఘము సూచించింది. కాంగ్రెసు అందుకు ఒప్పుకొనలేదు. ఆ ఆగస్టులో మూడు రంగులనే నిలిపి, ఎరుపు బదులు కాషాయము పెట్టి, వీటికి మతములతో సంబంధము లేదని తీర్మానించింది. కాషాయము ధైర్యత్యాగములకు, తెలుపు శాంతిసత్యములకు, ఆకుపచ్చ విశ్వాసశౌర్యములకు గుర్తులైనవి.

1947 జూలై 22 న రాజ్యాంగసభ నేటి జెండాను స్వీకరించినది. రాట్నము స్థానే 24 ఆకుల అశోకచక్రము వచ్చింది. మనలో ఎందరివలెనో తమిళదేశాన స్థిరపడిన తెలుగు కుటుంబములో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు ఆ సభలో రంగుల అర్థము వివరించారు. కాషాయము నాయకులకుండవలసిన నిస్వార్థము. తెలుపు సత్యమార్గమును చూపే వెలుగు. ఆకుపచ్చ ఈ నేలతో, పచ్చని మొక్కలతో మనకు గల బంధము. చక్రము ధర్మమునకు, చలనమునకు గుర్తు అన్నారు.

ఏ ఊరి నీళ్లు తాగుతున్నా, ఏ భాషవారి నడుమ కాపురమున్నా, ఆ ఆకుపచ్చ మన కాళ్ల క్రింది నేలదే. మనుషులకు వాటాలు వేస్తే ఎవరో ఒకరు బయట మిగిలిపోతారు. గుణాలను అందరమూ పంచుకొనవచ్చును. ఈసారి మన పిల్లలు బొమ్మకు రంగు వేస్తుంటే ఈ మాటే చెబుదాము.