తుంటి మార్చిన సాయంత్రమే ఇంటికా?

నడుం నొప్పి అంటారు. మోకాలి నొప్పి అంటారు. కాదంటే వాతం అంటారు. కుంటుకుంటూనే ఇంటిపని, చేనిపని రెండూ చేసేస్తుంటే ఆడదాని నొప్పి ఇంట్లో ఎవరికీ జబ్బుగా కనిపించదు. తీరా ఎక్స్‌రే తీయిస్తే మోకాలు బాగానే ఉంటుంది. అరిగిపోయింది తుంటి కీలు. తుంటి నొప్పి ఎక్కువగా గజ్జల్లో మొదలై, తొడ ముందు భాగం మీదుగా మోకాలి దాకా దిగుతుంది. అందుకే చాలామంది ఏళ్ల తరబడి మోకాలికే నూనె రాస్తుంటారు.

మా అక్కకూ అదే జరిగింది. వాళ్లది దర్శి దగ్గర పల్లె. రెండెకరాల పత్తి, ఎకరం మిరప. వయసు 58. నాలుగేళ్లు మోకాలి నొప్పికే మందులు మింగింది. మంచం దిగాలంటే రెండు చేతులతో కాలెత్తి కింద పెట్టుకోవాల్సి వచ్చాక గుంటూరు తీసుకొచ్చాం. డాక్టరు గారు మోకాలు మడిచి, కాలిని లోపలికి తిప్పి చూశారు. అక్క కెవ్వుమంది. "ఇది మోకాలు కాదమ్మా, తుంటి. కీలు మార్చాలి" అన్నారు.

బావ వెంటనే, "పత్తి తీతలయ్యాక చేయిద్దాంలే" అన్నాడు. అక్క ఎప్పుడూ ఎదురు మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాత్రం, "పత్తయ్యాక మిరప కోతలు, అవయ్యాక అప్పుల వాళ్లు. ఇంక నా కాలికి తీరికెప్పుడయ్యా?" అంది. బావ మళ్లీ మాట్లాడలేదు.

ఈలోగా డల్లాస్ నుంచి మా అబ్బాయి ఫోను. "అమ్మా, ఇక్కడ పొద్దున ఆపరేషన్ చేసి సాయంత్రం ఇంటికి పంపించేస్తున్నారు. పెద్దమ్మకి నాలుగు రోజులు ఆసుపత్రి ఎందుకు?" అని. నాకూ ఆశ్చర్యమేసింది. కీలు కోసి, కొత్తది పెట్టి, అదే రోజు ఇంటికా? డాక్టరు గారిని అడిగి తెలుసుకున్నవి, ఆ తర్వాత చదివి తెలుసుకున్నవి మీకూ పనికొస్తాయని రాస్తున్నాను.

తుంటి కీలంటే గిన్నెలో బంతి. తొడ ఎముక పై కొస బంతిలా గుండ్రంగా ఉండి, కటి ఎముకలోని గిన్నెలో తిరుగుతుంది. మధ్యనున్న మెత్తని పొర అరిగితే ఎముకకు ఎముక రాసుకుంటుంది. ఆపరేషన్‌లో అరిగిన బంతిని తీసేసి, తొడ ఎముకలోకి లోహపు కాడ దించి, దానికి కొత్త బంతి తొడుగుతారు. గిన్నెకు కొత్త లోపలి పొర వేస్తారు. ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రిలో సర్ జాన్ చార్న్‌లీ 1962లో ఈ పద్ధతిని ఒక దారికి తెచ్చారు. ఆ రోజుల్లో ఆపరేషన్ అయినవాళ్లు వారాల తరబడి మంచం మీదే ఉండేవారు. ఇప్పుడు అదే రోజో, మర్నాడో వాకరు పట్టించి నడిపిస్తున్నారు. అమెరికాలో వృద్ధులకు వైద్య ఖర్చులు భరించే మెడికేర్, తుంటి మార్పిడికి ఆసుపత్రిలో చేరి తీరాలన్న నిబంధనను 2020 జనవరి నుంచి ఎత్తేసింది. మన నగరాల్లోనూ కొందరు సర్జన్లు, తగినవారిని ఎంచుకుని ఇలా పంపిస్తున్నారు.

ఇందులో మాయేమీ లేదు. వెన్నులో మత్తు ఇస్తారు. కీలు చుట్టూ నొప్పి తెలియకుండా ఇంజెక్షన్లు వేస్తారు. ట్రానెక్సామిక్ యాసిడ్ అనే మందుతో రక్తస్రావం తగ్గిస్తారు. మత్తు దిగగానే లేపి నిలబెడతారు. వాకరుతో నడవాలి, నాలుగు మెట్లెక్కి దిగాలి, మూత్రం తనంతట తాను పోవాలి, తిన్నది కడుపులో నిలవాలి, నొప్పి మాత్రలతోనే ఆగాలి. ఇవన్నీ కుదిరితేనే ఇంటికి. గుండె జబ్బున్నవారికి, షుగరు అదుపులో లేనివారికి, ఇంట్లో తోడు లేనివారికి ఇది పనికిరాదు.

అక్క విషయంలో డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న కాలి గురించి కాదు. "మీ ఇంట్లో బాత్రూము ఎక్కడుందమ్మా?" అని. దొడ్డి చివర, గేదెల పాక దాటాక. అదీ గొంతుక్కూర్చునేది. వానొస్తే దారంతా బురద. "అయితే ఆ రోజే కాదు, ఆరు వారాల దాకా ఆ ఇంటికి పంపను" అన్నారు. డల్లాస్ ఇంటికీ దర్శి ఇంటికీ తేడా ఆపరేషన్ బల్ల దగ్గర లేదు, దొడ్డిదారిలో ఉంది! అక్క నాలుగో రోజు ఆసుపత్రి నుంచి నేరుగా గుంటూరులో మా ఇంటికొచ్చింది.

ఇల్లు ముందే సిద్ధం కావాలి

నన్నడిగితే ఆపరేషన్‌కు రెండు వారాల ముందే ఇల్లు సర్దుకోవాలి. వెనకవైపు నుంచి కోసి చేసిన ఆపరేషన్ అయితే మొదటి ఆరు నుంచి పన్నెండు వారాలు తుంటి 90 డిగ్రీలకు మించి వంగకూడదు. కాలు మీద కాలు వేసుకోకూడదు. పాదం లోపలికి తిప్పకూడదు. కాదంటే బంతి గిన్నెలోంచి జారిపోయే ప్రమాదం ఉంది. అంటే నేల మీద కూర్చోవడం లేదు, పీట లేదు, కిందకు దిగబడే నులక మంచం లేదు. గట్టి పరుపున్న ఎత్తు మంచం, చేతులున్న ఎత్తు కుర్చీ, కమోడ్ కుర్చీ ఉండాలి. పక్కకు తిరిగి పడుకునేటప్పుడు కాళ్ల మధ్య దిండు. బాత్రూములో తడి ఉండకూడదు, పట్టుకోవడానికి గోడకు కడ్డీ ఉండాలి. కిందపడ్డ గరిటె తీసివ్వడానికి ఒక మనిషి కావాలి. మా అక్కకు అన్నింటికంటే కష్టమైంది ఇదే. కింద ఏది పడినా చెయ్యి దానంతటదే పోయేది.

చేతికర్ర ఆపరేషన్ కాలి వైపు కాదు, రెండో చేతిలో పట్టుకోవాలి. మెట్లెక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు ఆపరేషన్ కాలు. రెండు వారాలకు కుట్లు తీస్తారు. ఈలోపు పిక్క వాచి నొప్పి పెట్టినా, గాయం నుంచి చీము కారినా, జ్వరమొచ్చినా వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఆయాసమొచ్చినా, గుండెలో నొప్పొచ్చినా, కాలు ఉన్నట్టుండి పొట్టైనట్టయి బరువు మోపలేకపోయినా 108కి ఫోను చేయడమే. తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు.

ఆపరేషన్‌కు ముందు రక్తం చూస్తే అక్కకు హిమోగ్లోబిన్ తక్కువుంది. ఇంటందరికీ వడ్డించి మిగిలింది తినే మనిషికి రక్తమెక్కణ్నుంచి వస్తుంది? రక్తం పట్టాకే తేదీ ఇచ్చారు. పుచ్చిన పళ్లు, మూత్రంలో ఇన్ఫెక్షన్, కాళ్ల మీద పుళ్లు కూడా ముందే మాన్పుకోవాలి. ఎక్కడున్న చీమైనా రక్తంలో కలిసి కొత్త కీలుకు చేరగలదు.

మన మెట్ట ప్రాంతం వాళ్లకు ఇంకో సంగతి. కనిగిరి, పొదిలి, దర్శి వైపు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని తెలియనివారు లేరు. మన దేశంలో ఫ్లోరోసిస్ ఎముకల జబ్బు గురించి తొలి శాస్త్రీయ నివేదిక 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచే వచ్చింది. ఆ తాలూకాలు అప్పుడు అందులోనివే. 1970లో ప్రకాశం జిల్లాలో కలిశాయి. ఫ్లోరోసిస్ ఉన్న ఎముక చూడ్డానికి గట్టిపడ్డా పెళుసుగా ఉంటుంది, కీళ్లు బిగుసుకుపోతాయి. ఏ ఊరి నీళ్లు తాగి పెరిగారో సర్జనుకు ముందే చెప్పండి. పొట్లాల మందులు వాడితే అదీ దాచొద్దు. వాటిలో స్టెరాయిడ్ కలిసుంటే, ఎక్కువకాలం వాడినవారికి తుంటి బంతికి రక్తం అందక ఎముకే చచ్చిపోవచ్చు. జారిపడి తుంటి ఎముక మెడ విరిగి పక్కకు జరిగితే పుత్తూరు కట్టుతో అతుక్కోదు. అక్కడికెళ్లి వచ్చేలోపు పోయేది విలువైన కాలం.

డబ్బు మాటకొస్తే, ప్రభుత్వ ఆరోగ్య కార్డు ఉన్నవారు ఆసుపత్రిలో చేరకముందే తమకు ఈ ఆపరేషన్ వర్తిస్తుందో లేదో కాగితం మీద తేల్చుకోవాలి. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి కుటుంబానికి 5 లక్షల వరకు వైద్యమందించే ఆయుష్మాన్ పథకాన్ని కేంద్రం 2024 అక్టోబరులో మొదలుపెట్టింది. అక్కకు ఆ వయసు లేదు. రెండు గేదెల్లో ఒకటి అమ్మారు.

పెట్టిన కీలు తాలూకు స్టిక్కరు, నంబరు అడిగి తీసుకుని బీరువాలో దాచండి. 2010 ఆగస్టులో డీప్యూ కంపెనీ తన ఏఎస్ఆర్ రకం తుంటి కీళ్లను ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. మన దేశంలో సుమారు 4,700 ఆపరేషన్లలో అవి వాడారు. తర్వాత నష్టపరిహారం మాటొచ్చినప్పుడు కాగితాలే ముఖ్యమయ్యాయి. అన్ని రకాలూ అలాంటివి కావు లెండి. 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, మార్చిన తుంటి కీళ్లలో పదింట సుమారు ఆరు 25 ఏళ్లు నిలుస్తున్నాయి.

నాలుగో నెలలో అక్క ఊరెళ్లింది. దొడ్డి చివరి బాత్రూము ఇప్పుడు వసారాకు ఆనుకుని ఉంది, కమోడ్‌తో. బావే దగ్గరుండి కట్టించాడు. వంగి మిరప కోయడం, గొంతుక్కూర్చుని తొడిమలు తీయడం వద్దన్నారు డాక్టరు గారు. కల్లంలో ఎత్తు బల్ల మీద కాయలు పోయించుకుని, కుర్చీలో కూర్చుని తొడిమలు తీస్తోంది. కూలికొచ్చినవాళ్లు మొదట నవ్వారట. ఆ తర్వాత ఇద్దరు పెద్దవాళ్లు తామూ ఆ బల్ల దగ్గరికే చేరారట.

మొన్న ఫోనులో, ఎడమ తుంటి కూడా కలుక్కుమంటోందంది. "మిరప కోతలయ్యాక వస్తావా అక్కా?" అన్నాను.

"కోతలకి ముందే వస్తా. బావకి చెప్పేశా" అంది.