ఉరికంబం, ఉత్కంఠ, పాఠకుడు

రాజకీయాలూ, న్యాయస్థానాలూ, కుట్రలూ కలబోసిన ఉత్కంఠ నవలల్ని మన విమర్శకులు చదవకుండానే తోసిపుచ్చుతారు. పాఠకులు చదివి పక్కన పెడతారు. ఆ నవల పాఠకుడి ఆలోచనలో ఏం మిగిల్చిందో విచారించేవారు తక్కువ. 'వ్యాపార సాహిత్యం' అని ఒక ముద్ర వేస్తే ఆ శ్రమ తప్పుతుంది గదా! కాని అద్దె పుస్తకాల దుకాణాల్లో అట్టలూడేదాకా తిరిగిన నవల గురించి జనం ఏమనుకున్నారన్నది అభ్యుదయ విమర్శకు అక్కరలేని విషయం కాదు.

యండమూరి వీరేంద్రనాథ్ 'అభిలాష' అలాంటి నవల. 1983లో ఎ. కోదండరామిరెడ్డి దర్శకత్వంలో, చిరంజీవి కథానాయకుడుగా అది సినిమా కూడా అయింది. మరణశిక్ష రద్దు కావాలని కోరే ఒక యువ న్యాయవాది, చట్టం నిర్దోషిని కూడా ఉరికంబం ఎక్కించగలదని రుజువు చెయ్యడానికి తనమీద తానే ఒక హత్యానేరాన్ని అల్లుకుంటాడు. రహస్యం తెలిసిన మరో న్యాయవాది ఆఖరు ఘడియలో నిజం బయటపెట్టాలి. పథకం అనుకున్నట్టు సాగదు. పుస్తకాన్ని కింద పెట్టనివ్వని బిగువంతా అక్కడే వుంది.

బొబ్బిలిలో యీ నవల చదివిన పదిమందిని అడిగి చూశాను. వాళ్ళలో డిగ్రీ విద్యార్థులున్నారు, గ్రోత్ సెంటరులో పనిచేసేవాళ్ళున్నారు, రిటైరైన రైల్వే ఉద్యోగులున్నారు. "రాత్రి రెండైపోనాది గాని పుస్తకం ఒగ్గనేదు" అన్నాడు ఒక కార్మికుడు. చట్టం సంగతులు ఇంత సులువుగా చెప్పిన నవల తాను మరొకటి చదవలేదన్నది ఒక విద్యార్థిని. మరొక కుర్రవాడు, ఇప్పుడు 302 సెక్షనే లేదు గదా, నవలకు కాలం చెల్లిందన్నాడు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయసంహిత అమలులోకి వచ్చిన మాట నిజమే. హత్యకు శిక్ష ఇప్పుడు 103వ సెక్షన్ కింద పడుతుంది. అంకె మారింది గాని ఉరితాడు అలాగే వుంది.

ఇన్ని అభిప్రాయాల మధ్య దాదాపు అందరూ చెప్పిన మాట ఒకటుంది. "అన్నెం పున్నెం ఎరగనోడిని ఉరి తీస్తారేటి?" అని. నిజంగా హత్య చేసినవాడి సంగతేమిటని అడిగితే ఎక్కువమంది సందేహించకుండా ఉరి తియ్యాల్సిందే అన్నారు. అంటే మరణశిక్ష వద్దని వాదించే నవలను అంత ఇష్టంగా చదివిన పాఠకుడు, మరణశిక్ష మీద తనకున్న నమ్మకాన్ని ఏమాత్రం వదులుకోకుండా బయటికి వచ్చాడు.

దీన్ని పాఠకుడి అజ్ఞానమనడం తేలిక. నా దృష్టిలో పాఠకుడు నవలను సరిగానే చదివాడు. ఉత్కంఠ నవలకు నిర్దోషి కావాలి. అతని మెడకు ఉచ్చు బిగుస్తుంటే మనకు ఊపిరాడదు, ఉచ్చు వూడితే గుండె తేలికపడుతుంది. ఆ తేలికదనంతోనే ప్రశ్న కూడా తీరిపోతుంది. ఉరి తప్పా ఒప్పా అన్న రాజకీయ ప్రశ్న, సాక్ష్యం సమయానికి అందుతుందా లేదా అన్న ప్రశ్నగా మారిపోతుంది. రచయిత ఉద్దేశం మొదటిదే కావచ్చు. శిల్పం మాత్రం రెండోదాన్నే నడిపిస్తుంది.

1956లో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన 'బియాండ్ ఎ రీజనబుల్ డౌట్' అనే అమెరికన్ సినిమాను పక్కన పెట్టి చూస్తే సంగతి స్పష్టపడుతుంది. అందులోనూ ఒకడు ఇదే ఉద్దేశంతో తనమీద సాక్ష్యాలు తానే సృష్టించుకుంటాడు. నిజం తెలిసిన మనిషి కారు ప్రమాదంలో చనిపోతాడు. క్షమాభిక్ష చేతికి అందబోయే ముందు అతను నిజంగానే హంతకుడని తేలుతుంది. అంతసేపూ అతను బతకాలని కోరుకున్న ప్రేక్షకుడు అప్పుడేం కోరుకోవాలి? లాంగ్ ఆ ఇబ్బందిలో మనల్ని వదిలేస్తాడు. 'అభిలాష' పాఠకుడికి ఆ ఇబ్బంది లేదు.

మన రాష్ట్రంలో యీ ఇబ్బందిని కథలు కాదు, చరిత్రే తెచ్చిపెట్టింది. ఆదిలాబాదు రైతాంగ కార్యకర్తలు భూమయ్య, కిష్టాగౌడ్‌ల ఉరి 1975 మేలో ఆఖరి గంటల్లో ఆగింది. ఏ నవలకూ తీసిపోని ఉత్కంఠ అది. అదే సంవత్సరం డిసెంబరు 1న, ఎమర్జెన్సీ చీకట్లో, ముషీరాబాదు జైల్లో వాళ్ళను ఉరితీశారు. వాళ్ళను కాపాడాలని రచయితలూ, లాయర్లూ, మేధావులూ చేసిన ఆందోళన వాళ్ళు హత్య చేశారా లేదా అన్నదానిమీద ఆధారపడలేదు. భూస్వామికి ఎదురు తిరిగినవాడి ప్రాణం తీసే హక్కు యీ రాజ్యానికి ఎక్కడిది అన్నదే దాని ప్రశ్న. అయిదేళ్ళ తరవాత 1980లో బచ్చన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అత్యంత అరుదైన కేసుల్లోనే ఉరి అని చెప్పింది గాని, ఉరిని కొట్టివెయ్యలేదు.

'కుట్ర' అన్న మాట కూడా మా ప్రాంతంలో నవలల్లో దొరికే మాట కాదు. బొబ్బిలిలో రైలెక్కి సీతానగరం దాటితే పార్వతీపురం. గిరిజన రైతాంగ పోరాటాన్ని ప్రభుత్వం కోర్టుకెక్కించినప్పుడు దానికి పెట్టిన పేరు పార్వతీపురం కుట్ర కేసు. నవల్లో కుట్ర ఇద్దరు లాయర్లు గదిలో కూర్చుని పన్నేది. అక్కడ కొండమీద జనం భూమి అడగటమే కుట్ర అయింది. ఉత్కంఠ నవల మొదటి కుట్రను విప్పగలదు. రెండోదాన్ని విప్పాలంటే భూమి ఎవరిదో చెప్పాలి, షావుకారి లెక్కల పుస్తకం తెరవాలి. అప్పుడు కథ వేగం తగ్గుతుంది. తగ్గనివ్వడానికి మన రచయితల్లో ఎందరు సిద్ధంగా వున్నారు?

నేను అడిగిన పాఠకుల్లో ఒక రైల్వే పెద్దాయన వున్నారు. ఆయనకు ఆ రోజులు బాగా గుర్తు. గుణుపురం లాయరు నాగభూషణ్ పట్నాయక్‌కు మరణశిక్ష పడితే క్షమాభిక్ష అడగనని భీష్మించుకున్నాడు, తరవాత అది యావజ్జీవంగా మారింది. "ఆయన నిర్దోషినని అనలేదు, వదిలిపెట్టమనీ అనలేదు. అలాంటోణ్ణి యీ పుస్తకంలో పెడితే కథ ఎటు తిరుగుద్ది మాస్టారూ?" అన్నారు పెద్దాయన. నాకు వినబడిన అభిప్రాయాలన్నిట్లో విమర్శ అనదగ్గది అదొక్కటే.