పాత పందెపు కారు: స్టార్టు చేయుటకు ముందు

కొట్టములో ఎక్కడనో పాత మోటారుకారు దొరికినదనగానే చూడవచ్చినవారు మొదట అడుగునది ఒక్కటే: "బండి స్టార్టవుతుందా?" అది పందెపు కారైనచో ఆత్రము రెట్టింపగును. ఒకరు బ్యాటరీ తెత్తురు, ఒకరు పెట్రోలు పోయుదురు, మిగిలినవారు వెనుకనుండి నెట్టుదురు. ముప్పది నలుబది ఏండ్లు కదలక నిలిచిన యంత్రమును పాడుచేయుటకు ఇంతకన్న దగ్గరి దారి లేదు.

దీనికి కారణము తెలిసికొనుట కష్టము కాదు. నడుచు యంత్రములో ఇనుము ఇనుమును తాకదు. రెంటి నడుమ సన్నని నూనెపొర ఉండును. ఏండ్ల తరబడి నిలిచిన యంత్రములో ఆ నూనె జారి అడుగునకు చేరును. పిస్టను చుట్టునుండు రింగులు సిలిండరు గోడకు త్రుప్పుతో అంటుకొనును. అట్టి స్థితిలో బలవంతముగా త్రిప్పినచో రింగులు విరుగును, గోడపై గాట్లు పడును, కొన్ని వేళల పిస్టనును కదలించు కడ్డీయే వంగును. అంతవరకు బాగుచేయదగియున్న యంత్రము ఒక్క నిమిషములో పనికిరానిదగును.

కృష్ణా డెల్టాలో ఈ ప్రమాదము మరింత ఎక్కువ. బాపట్లకు సూర్యలంక సముద్రతీరము పది కిలోమీటర్ల లోపే ఉన్నది. రేపల్లె కృష్ణ చివరి పాయలకు చేరువ. తెనాలి కొంత లోపలనున్నను కాలువల నడుమనున్న ఊరు. ఇనుము త్రుప్పుపట్టుటకు నీరు, ఆమ్లజని రెండును కావలెను. లోహముపై తేమ పొర ఏర్పడినప్పుడు ఒకచోట ఇనుము అయానులుగా కరగును. అక్కడ విడుదలైన ఎలక్ట్రానులు లోహముగుండ మరొక చోటికి పోయి అక్కడి నీటితోను ఆమ్లజనితోను కలియును. అనగా ప్రతి త్రుప్పు మచ్చయు ఒక చిన్న విద్యుత్ ఘటమే. ఉప్పు కలిసినచో నీటి విద్యుద్వాహకత పెరిగి ఈ ఘటము చురుకుగా పనిచేయును.

సముద్రపు ఉప్పులో సోడియం క్లోరైడుతోపాటు మెగ్నీషియం క్లోరైడు కూడ ఉన్నది. గాలిలో సాపేక్ష ఆర్ద్రత మూడవ వంతు ఉన్నను చాలు, ఈ రెండవ లవణము తేమను లాగికొని కరగును. వంటింటి ఉప్పు వానకాలములో చెమ్మగిల్లుట అందరును చూచినదే. బాపట్ల ప్రాంతపు పాకలో నిలిచిన బండిపై చేరిన ఉప్పుదుమ్ము మండువేసవిలో కూడ పూర్తిగా ఆరదు. కాబట్టి బండిని పైకప్పు క్రిందికి చేర్చినంతమాత్రమున త్రుప్పు ఆగిపోయినదని అనుకొనరాదు.

పందెపు కారులో మరొక చిక్కు కలదు. బరువు తగ్గించుటకై దాని శరీరమును అల్యూమినియం రేకుతోను, లోపలి చట్రమును ఉక్కుతోను చేయుట పరిపాటి. ఈ రెండు లోహములు తగులుచోట ఉప్పునీరు చేరినచో అల్యూమినియం తాను కరిగిపోవుచు ఉక్కును కాపాడును. పైకి నిగనిగలాడు రేకు రివెట్ల చుట్టు తెల్లని పొడిగా మారియుండుటకు ఇదియే కారణము.

సముద్రతీరపు ఇసుకలోనుండి లేచివచ్చిన పందెపు కారు ఒకటి చరిత్రలో ఉన్నది. దాని పేరు 'బాబ్స్'. 27 లీటర్ల పరిమాణముగల పండ్రెండు సిలిండర్ల విమానయంత్రమును అందులో అమర్చిరి. 1926 ఏప్రిల్‌లో వేల్సు దేశపు పెండైన్ తీరమున పారీ థామస్ ఆ కారును గంటకు 171 మైళ్ళ వేగముతో నడిపి, భూమిపై అత్యధిక వేగపు రికార్డు నెలకొల్పెను. 1927 మార్చి 3న అదే తీరమున, అదే కారులో ఆయన మరణించెను. కారును అక్కడనే ఇసుకలో పూడ్చిరి. 1969లో ఓవెన్ విన్ ఓవెన్ అను ఇంజనీరింగు అధ్యాపకుడు దానిని త్రవ్వించి తీసి, అనేక సంవత్సరములు శ్రమించి మరల నడిపించెను. చక్రమును త్రిప్పు గొలుసు తెగి తగులుటచే థామస్ మరణించెనని చాలకాలము చెప్పుకొనిరి. కారు బయటికి వచ్చి భాగములను పరీక్షించిన పిమ్మట ఆ మాటపై సందేహములు కలిగినవి. విరిగిన ముక్కలను పాత ఇనుముగా అమ్మివేసియున్నచో ఈ ప్రశ్న పుట్టియే ఉండదు.

అందుచేత పునరుద్ధరణలో మొదటి పనిముట్టు స్పానరు కాదు, నోటుపుస్తకము, కెమెరా. ఏ భాగమునైనను విప్పుటకు ముందు ఉన్నదున్నట్లుగా ఫొటో తీయవలెను. చట్రముపైని సంఖ్యను, యంత్రముపైని సంఖ్యను వ్రాసికొనవలెను. పందెపు కార్లలో ఈ రెండును ఒక జతవి కాకపోవుట సాధారణము. మద్రాసుకు ఉత్తరమున, మన నెల్లూరు మార్గముపైనున్న షోలవరములో యుద్ధకాలపు విమానపట్టెపై దశాబ్దముల పాటు పందెములు జరిగినవి. 1980-90 దశాబ్దపు చివర కోయంబత్తూరుకు చెందిన కరివర్ధన్ మారుతి యంత్రముతో ఒంటిసీటు కార్లను తయారుచేసి అక్కడి పందెములలో ప్రవేశపెట్టెను. పందెములలో తిరిగిన బండికి యంత్రములు మారుట, రేకులు మారుట, రంగులు మారుట మామూలే. రంగును గీకివేయక, ఒక మూల సన్నని గరుకు కాగితముతో ఏటవాలుగా రుద్దినచో పొరలన్నియు చెట్టు మొదలులోని వలయములవలె ఒకదాని చుట్టు ఒకటి కనబడును. ఇసుకను ఊది శుభ్రపరచు యంత్రము ఈ సాక్ష్యమునంతను ఐదు నిమిషములలో తుడిచివేయును. తెనాలి శిల్పులు పాత మోటారు భాగములతో నిలువెత్తు విగ్రహములు మలచుటలో పేరుపొందినవారు. అది వేరు కళ. ఒక గేరు చక్రము విగ్రహములో చేరిన పిమ్మట అది ఏ బండిదో చెప్పగలవారుండరు.

తరువాత చూడవలసినది నూనె. పూర్వపు పందెపు యంత్రములలో ఆముదము వాడెడివారు. 1909లో వచ్చిన 'కాస్ట్రాల్' అను పేరు ఆముదమునకుగల ఆంగ్లనామము నుండి పుట్టినదే. వేడిలో కూడ ఆముదము పొర తెగదు. కాని గాలి తగిలి నిలిచినచో బంకగా మారును. పైగా అది పెట్రోలియం నూనెలతో సరిగా కలియదు. ఆముదపు అణువులలోని హైడ్రాక్సిల్ సమూహముల వలన దానికి ఆల్కహాలుతోనే పొత్తు ఎక్కువ. పాత నూనె ఏదో తెలియక క్రొత్త నూనె పోసినచో రెండును విడిపోయి, బంక వదలి సన్నని గొట్టములకు అడ్డుపడును.

బిగిసిన పిస్టనును వదలించుటకు ఓర్పు కావలెను. స్పార్కుప్లగ్గులు తీసి, ఆ రంధ్రములగుండ కిరోసిను, పలుచని నూనె కలిపి పోసి కొన్ని దినములు విడువవలెను. సందు ఎంత ఇరుకైనచో కేశాకర్షణము అంత దూరము ద్రవమును లాగును. పిమ్మట పొడవైన స్పానరుతో ముందుకు, వెనుకకు వెంట్రుకవాసి కదలించి చూడవలెను. కదలకున్నచో మరల నూనె, మరల నిరీక్షణ.

వేడిచేసిన వదలునని పలువురు అందురు. ఒక లెక్క చూడుడు. అల్యూమినియం పిస్టను వ్యాసము 80 మిల్లీమీటర్లు. 100 డిగ్రీల వేడికి అది సుమారు 0.18 మిల్లీమీటరు పెరుగును. పోతయినుప సిలిండరు 0.09 మాత్రమే. అనగా అంతటిని సమానముగా వేడిచేసినచో పిస్టను ఇంకను బిగియును! మేలు కలుగునది వేడివలన కాదు, పలుమార్లు వేడిచేసి చల్లార్చుటవలన. రెండు లోహములు వేర్వేరుగా సాగి ముడుచుకొనుటచే నడుమనున్న త్రుప్పు పొర చిట్లును.

విప్పిన ఉక్కు భాగముల త్రుప్పును తొలగించు విధానము పాఠశాల ప్రయోగశాలలో కూడ చూపదగినది. ప్లాస్టికు తొట్టిలో చాకలిసోడా ద్రావణము పోసి, త్రుప్పుపట్టిన మేకును ఋణధ్రువమునకు, మామూలు ఇనుప ముక్కను ధనధ్రువమునకు కలిపి, రెంటిని తాకనీయక ముంచి ఆరు వోల్టుల విద్యుత్తు పంపవలెను. మేకుపై ఉదజని బుడగలు లేచి త్రుప్పు వదలును. ఉదజని మండునది కావున గాలి ఆడుచోట, నిప్పుకు దూరముగా చేయవలెను. సోడాకు బదులు ఉప్పు వేసినచో విషవాయువైన క్లోరిను పుట్టును. ధనధ్రువముగా స్టెయిన్‌లెస్ ఉక్కును వాడినచో విషపూరితమైన క్రోమియం సమ్మేళనములు ఏర్పడును. అల్యూమినియమును ఈ తొట్టిలో ముంచరాదు, క్షారము దానిని తినివేయును. స్ప్రింగుల వంటి గట్టి ఉక్కు భాగములును పనికిరావు. ఉదజని వాటిలోనికి చొచ్చి పెళుసుబరచును.

లోపలి ఉప్పు పోయినదా లేదా అనునది కడిగిన నీరే చెప్పును. ఆ నీటికి కొంచెము నత్రికామ్లము చేర్చి, వెండి నైట్రేటు చుక్క వేసినచో, క్లోరైడు మిగిలియున్నచో పాలవలె తెల్లబడును. అయితే రేపల్లె వైపు అనేక బావులలో నీరే ఉప్పన. అట్టి నీటితో కడిగినచో పరీక్ష ఎన్నటికిని తేటపడదు. పట్టిన వాననీరు మేలు.

త్రుప్పు వదలిన పిమ్మట స్టీరింగు కడ్డీలను, ఇరుసులను తప్పక పరీక్షింపవలెను. పందెపు వేగమునకు లక్షల సార్లు వంగి లేచిన ఉక్కులో కంటికి కనబడని పగుళ్లుండును. ఒక్క పగులు నడుపువాని ప్రాణము తీయగలదు. భాగమును రాత్రంతయు కిరోసినులో నానవేసి, పొడిగా తుడిచి, స్పిరిటులో కలిపిన సుద్దపొడిని పలుచగా పూసి ఆరనిచ్చి, చెక్కసుత్తితో తట్టవలెను. పగులున్నచోట లోపలి కిరోసిను పైకి ఊరి, తెల్లని సుద్దపై సన్నని తడిగీతవలె కనబడును. గీత కనబడిన భాగమునకు చీటీ కట్టి అలమారులో దాచవలెను. బండికి క్రొత్తది చేయించవలెను.