వెరసిలో అర తక్కువ

ముప్పై ఏళ్ళుగా బ్యాంకు ఉద్యోగం. అర్ధరూపాయి తేడా తేలక రాత్రి పొద్దుపోయేదాకా లెడ్జర్లు తిరగేసిన రోజులు మా తరంవాళ్ళకు బాగా తెలుసు. అందుకేనేమో, సుమారు 3,500 ఏళ్ళ కిందటి ఒక మట్టిపలక లెక్క చూసి నాకు నవ్వూ జాలీ కూడా కలిగాయి.

ఆ పలక గ్రీసు దేశపు క్రీటు ద్వీపంలో, హగియా ట్రియాడాలో దొరికింది. ద్రాక్షసారా పద్దులు: 5½, 56, 27½, 18, 19, 5. కూడితే 131. గుమాస్తా వేసింది 130½! పాపం, ఆ అర ఎక్కడ జారిపోయిందో. ఆ అంకె పక్కన 'కురో' అని ఉంది. చాలా పలకల్లో పద్దుల చివర అదే మాట రావడంతో, దానికి అర్థం మన 'వెరసి' అని పట్టుకున్నారు.

ఈ లిపికి లీనియర్ ఏ అని పేరు. 1900లో క్నోసోస్‌లో తవ్వకాలు మొదలుపెట్టిన ఆర్థర్ ఇవాన్స్ పెట్టాడు. దాని తర్వాతిదైన లీనియర్ బిలో ఉన్నది పాత గ్రీకేనని 1952లో మైఖేల్ వెంట్రిస్ తేల్చాడు. ఆయన వృత్తికి ఆర్కిటెక్టు. రెండింటిలో చాలా గుర్తులు ఒకటే గనుక లీనియర్ ఏను పైకి చదవగలుగుతున్నారు. భాష ఏదో మాత్రం తెలియదు.

లెక్కలకైతే అంకెల ఆధారం ఉంది. పూజా వస్తువుల దగ్గరే అసలు చిక్కు. యూక్తాస్ వంటి కొండ శిఖరాల మీద, గుహల్లో గుంట తొలిచిన రాతిపీటలు దొరికాయి. దేవతలకు ధారపోయడానికి వాడినవంటారు. వాటి మీద రాతలు. చోట్లు వేరైనా దాదాపు అవే మాటలు, అదే వరుస. మనం సంకల్పం చెప్పుకున్నట్టు! అందులో 'యససరమె' అనే మాట అమ్మవారి పేరని కొందరంటారు. ఓచరు లేని పద్దు పాస్ చేయడం నాకు అలవాటు లేదు.

ఈమధ్య క్నోసోస్‌లోనే ఏనుగుదంతపు వలయం, దాని పిడి బయటపడ్డాయి. వాటి మీద సుమారు 119 గుర్తులు. ఈ లిపిలో ఇంత పొడవైన రాత అంతకుముందు దొరకలేదు. అయినా తాళం తెరుచుకోలేదు.

మా అమ్మ వ్రతాల పుస్తకం నా దగ్గరుంది. బరంపురంలో పుట్టి పెరిగిన మా అమ్మాయి తెలుగు చక్కగా మాట్లాడుతుంది, అక్షరాలు రావు. చదివి వినిపిస్తే ప్రతి మాటా అర్థమవుతుంది. క్రీటు పీటలకు సరిగ్గా తలకిందులు. మొన్న ఆదివారం పూజ ఖర్చుల కింద అమ్మ రాసిన 'వెరసి' చూపించి, ఆ మూడక్షరాలూ దిద్దించాను. 'ర' బాగానే కుదిరింది. 'సి' మళ్ళీ రాయాలి.