బీరువాకు కొయ్యపిడులు

తణుకులో నూతన గృహము కట్టుకొన్నవారు టేకుబీరువాలను ఎంతో శ్రద్ధతో చేయించుకొందురు. కాని పిడుల దగ్గరకు వచ్చుసరికి బజారులో దొరికిన ప్లాస్టికు బుడిపెలతో తృప్తిపడుదురు. నిత్యము చేయి తగులునది పిడియే గదా!

అందమైన కొయ్యపిడులకై దూరదేశము పోనక్కరలేదు. అనకాపల్లి జిల్లాలో, వరాహనది ఒడ్డున ఏటికొప్పాక గ్రామమున్నది. అచటి లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. బొమ్మను గుండ్రముగా తీర్చు తరిణెయే పిడినీ తీర్చును. వాడునది మెత్తని అంకుడు కర్ర. తరిణెపై తిరుగుచున్న కర్రకు రంగులక్కను అదిమినచో, ఒరిపిడి వేడికి లక్క కరగి కర్రను పట్టుకొనును. పిమ్మట మొగలి ఆకుతో రుద్దగా మెరుగు వచ్చును. పసుపు, నీలి, జాఫ్రాగింజల వంటివాని రంగులను మరల వాడుకలోనికి తెచ్చిన శ్రీ సి. వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ లభించినది.

పిడులు చేయించుకొనువారు సంఖ్య, అడ్డుకొలత, తలుపు మందము వ్రాసికొని, మరమేకును నమూనాగా తీసికొనిపోవలెను. ముందుగా రంధ్రము వేయక మరమేకు బిగించినచో మెత్తని కర్ర చీలును. లక్క వేడికి మెత్తబడును, స్పిరిటులో కరగును. కనుక తుడుచుటకు పొడిగుడ్డయే చాలును. పొయ్యి ప్రక్కనున్న అలమరకు లక్క పూయని టేకుపిడి మేలు. దానిని తరిణె గల వడ్రంగి ఎవరైనను చేసి ఈయగలరు.

అంకుడు కర్ర కొరత నేడు ఏటికొప్పాక పనివారిని బాధించుచున్నది. పెద్దబొమ్మకు చాలని చిన్నతుండు పిడికి చాలును. మన సొరుగున కమరిన పిడి, ఆ తుండును వృథాపోనీయక పనివాని చేతికి పని కల్పించును.