మరలివచ్చు స్వరము

విశాఖపట్టణమున డాల్ఫిన్స్ నోస్ అను కొండమీద దీపస్తంభ మొకటి కలదు. రాత్రివేళ సముద్రముమీద పోవు నావికుడు దాని వెలుగును చూచి, తాను విశాఖ తీరమును సమీపించితినని తెలిసికొనును. ప్రతి దీపస్తంభమునకును తనదైన లయ యుండును. ఇన్ని క్షణముల కొకసారి మెరయవలెనని నియమము. ఆ లయయే దాని గురుతు. చలనచిత్రములలో మాటిమాటికి వినిపించు స్వరము కూడ నిట్టిదే. అది చెవి సోకినంతనే, పాత్ర తెరపై కనబడకున్నను, ప్రేక్షకునకు స్ఫురించును.

ఈ పద్ధతికి పోలిక మన నాట్యమునందే కలదు. కూచిపూడివారి భామాకలాపమున సత్యభామ తన ప్రవేశదరువుతో రంగమునకు వచ్చును. ఆమె యెవరో, ఎట్టి అభిమానవతియో ఆ దరువే సభకు తెలుపును. జర్మనీ దేశీయుడైన రిచర్డ్ వాగ్నర్ మరియొక మెట్టు పైకెక్కెను. 1876లో బైరాయిట్ నగరమున ఆయన నాలుగు సంగీతనాటకములను వరుసగా ప్రదర్శింపజేసెను. అందు ఉంగరమునకు, ఖడ్గమునకు, వీరునకు వేర్వేరు స్వరములు కలవు. కథ నడచిన కొలది అవి రూపము మార్చుకొనుచు మరల మరల వచ్చుచుండును.

తెలుగున దీనికి బాహుబలి చిత్రములు మంచి నిదర్శనములు. ఎస్.ఎస్. రాజమౌళి దర్శకత్వమున మొదటి భాగము 2015 జూలై 10వ తేదీన, రెండవది 2017 ఏప్రిల్ 28వ తేదీన విడుదలయ్యెను. సంగీతము కూర్చినవారు కొవ్వూరున జన్మించిన ఎం.ఎం. కీరవాణి.

మొదటి భాగమున మాహిష్మతీ నగరములో భల్లాలదేవుని మహావిగ్రహమును నిలుపుచుందురు. అది ఒరిగి కూలబోగా, మారువేషమున నున్న యువకు డొకడు త్రాడు పట్టి ఆపును. అతని ముఖమున తమ పూర్వనాయకుని పోల్చుకొని ప్రజలు ‘బాహుబలి’ యని నినదింతురు. ఒక కంఠమున పుట్టిన ఆ పేరు వేయి కంఠముల ఘోషయగును. ఆ పేరెవరిదో యువకునకే తెలియదు. ప్రేక్షకునకు కలుగునది ఆశ్చర్యము.

రెండవ భాగమున భల్లాలదేవుని పట్టాభిషేక వేళ, బాహుబలి సేనాధిపతిగా ప్రమాణము చేయగా, జనసముద్రము మరల ఆ పేరునే ఘోషించును. ఘోష అదియే, వినువారి మనస్సు మాత్రము వేరు. ఆ వీరుడు కట్టప్ప కత్తికి బలియగునని మొదటి భాగపు చివర చూచిన ప్రేక్షకునకు ఆ జయధ్వానమే దుఃఖమును కలిగించును.

ఇందలి రహస్యమేమి? స్వరము తొలిసారి వినబడినపుడు అప్పటి దృశ్యముతో ముడిపడును. మరల వచ్చునపుడు ఆ జ్ఞాపకమును వెంట తెచ్చును. స్వరము మారకున్నను, దానిని వినువాడు అంతకుముందు కంటె ఎక్కువ తెలిసినవాడై యుండును. అందుచేతనే సంగీతకర్త దానిని పొదుపుగా వాడవలెను. ప్రతి చోటను మ్రోగించినచో అది ఏ జ్ఞాపకమును నిలుపలేదు. ‘ఈ స్వరమును ముందెక్కడ వింటిమి? ఇప్పుడేల మరల వచ్చినది?’ అని ప్రశ్నించుకొను బాలబాలికలకు, పాత్రలు మాటలలో చెప్పని కథ కూడ వినబడును.