అరిసె - చలిమిడి

సంక్రాంతికి అరిసెలు వండుట తెలుగునాట చిరకాలముగా వచ్చుచున్న యాచారము. ఈ భక్ష్యము పుట్టుకను గూర్చి చెప్పువారు సామాన్యముగా వేదకాలపు అపూపముతో మొదలిడి, నడుమ శతాబ్దుల నన్నిటిని ఒక్క వాక్యములో దాటి, నేటి అరిసె కడకు వచ్చెదరు. ఈ త్రోవ సులభమైనదే కాని నమ్మదగినది కాదని నా యభిప్రాయము.

అపూపము ప్రాచీనమనుటలో సందేహము లేదు. ఋగ్వేదము 10వ మండలము 45వ సూక్తములో నేతితో గూడిన అపూపము పేర్కొనబడినది. పాణిని అష్టాధ్యాయి 5.1.4 సూత్రములో అపూపాది శబ్దములకు ప్రత్యయమును విధించినాడు. అయితే అపూప మనునది అనేకవిధములైన పిండివంటలకు చెల్లిన సామాన్యనామము. యవలపిండితో చేసినను, బియ్యపుపిండితో చేసినను అది అపూపమే. తాత పేరొకటి దొరకినంత మాత్రమున వంశవృక్షము సిద్ధింపదు గదా!

ఈ విషయమున తిరుమల శాసనములు మనకు మంచి సాక్ష్య మొసగుచున్నవి. దేవస్థానమువారు 1930 దశకములో సంపుటములుగా ప్రకటించిన ఈ శాసనములు చాలవరకు తమిళములో నున్నవి. విజయనగర రాజుల కాలమున స్వామి నైవేద్యమునకై దాతలు చేసిన యేర్పాటులలో అప్పపు పడి వేఱు, అతిరసపు పడి వేఱు. అప్పమను మాటకును అపూపమునకును గల సంబంధ మెట్టిదైనను, ఆనాటి ఆలయపు వంటశాలలో అప్పమును అతిరసమును రెండు భక్ష్యములు. కాబట్టి అరిసెకు మూలమును వెదకునపుడు అపూపమును కాదు, అతిరసమును పట్టుకొనవలెను.

ఇక పేరు. తమిళమున అరిసి యనగా బియ్యము. అరిసె దానినుండి వచ్చినదని తోచుట సహజము. కాని తెలుగున బియ్యమునకు ఆ మాట వాడుకలో లేదు. తమిళమునుండి తెచ్చుకొనినా మందుమన్న, తమిళులే ఈ వంటను అరిసితో జోడింపక అతిరసమనుచున్నారు. కన్నడమున అతిరస, మరాఠీలో అనారసా, ఓఢ్రమున అరిసా. ఈ రూపములన్నిటిని కలిపి చూచినచో అతిరస శబ్దమే మూలమగుట సమంజసము. తకారము లోపించి, దాని ఇకారము రేఫను చేరిన అరిస యగును. అయినను, పేరు సంస్కృతమైనంతనే వంట కూడ సంస్కృతము కానక్కర లేదు.

అసలు మర్మమంతయు పిండిలో నున్నది. బియ్యమును రాత్రి నానబోసి, మఱునాడు నీరోడ్చి, తడి యారకమునుపే దంచి జల్లింతురు. బెల్లపు పాకమును కాచి, ఒక బొట్టు నీటిలో వేసి చూతురు; అది చేతికి ఉండగా వచ్చినచో పాకము కుదిరినట్లు. అందులో ఆ తడిపిండిని పోసి కలిపిన ముద్దయే చలిమిడి. తడిపిండి వేడిపాకములో కొంత ఉడికి సాగుడు గుణము పొందును. పొడిపిండి పాకములోని నీటిని పీల్చి బిరుసెక్కును. పాకము లేతదైన అరిసె నూనెలో విచ్చిపోవును. ముదిరిన రాయి యగును. ఈ సూక్ష్మములు ఏ పాకశాస్త్ర గ్రంథము చదివియు ఇల్లాండ్రు నేర్చినవి కావు.

చలిమిడి, చలివిడి యనునది దేశ్యపదము. నాగులచవితికి పుట్టకడ పెట్టునది పచ్చిచలిమిడి. దానికి పొయ్యితోనే పని లేదు, బియ్యపుపిండి, బెల్లము చాలును. సీమంతమునకు చలిమిడి, ఆడపిల్లను అత్తవారింటికి పంపునపుడు చలిమిడి. ఇన్ని శుభకార్యములలో తనంత తానుగా నిలిచిన ఈ ముద్ద అరిసెకొఱకు పుట్టినదనుట కంటె, అరిసెయే దీనినుండి పుట్టినదనుట యుక్తము. పచ్చిచలిమిడి, పాకపుచలిమిడి, దానిని తట్టి నేతిలో వేచిన అరిసె: ఇవి మూడు మెట్లు. ముద్ద యింటిది, పేరు గుడిది యని నే ననుకొందును.

సంక్రాంతితోడి సంబంధమునకు కారణము పంటలే. సార్వా ధాన్యము ఇల్లు చేరియుండును, చెఱకు గానుగాడుచుండును, నువ్వులును చేతికి వచ్చియుండును. పైగా అరిసె పదిపదునైదు దినములు నిలువయుండును గనుక బంధువులకు పంచుటకు తగినది. బిడ్డ తొలి యడుగులు వేసినపుడు అరిసెలు వండి పంచు వేడుకకు మాత్రము ఋతునియమము లేదు.

మహారాష్ట్రులు బియ్యమును 3 దినములు నానబెట్టి, దినమున కొకమాఱు నీరు మార్చి, నువ్వులకు మాఱు గసగసాలద్ది దీపావళికి అనారసాలు చేయుదురు. తమిళులకును ఇది దీపావళి వంటయే. వారు పాకములో శొంఠి, ఏలకులు చేర్తురు. పండుగ మాఱినది, పైపూత మాఱినది. నానిన బియ్యపు తడిపిండి మాత్రము మూడు చోట్లను మాఱలేదు.